సీలింగ్ మరకలు, రంగు పోయిన గుమ్మాలు: దీనికి పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మా సొంతింటికి చాలా ఏళ్లుగా రంగులు వేయించలేదు. హాల్లో, బెడ్‌రూమ్‌లో సీలింగ్ మీద గోధుమరంగు మరకలు వచ్చాయి, ఒకచోట పెచ్చులు ఊడుతున్నాయి. గుమ్మాలు, కిటికీ ఫ్రేములు, స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) అన్నీ రంగు లేచిపోయి ఉన్నాయి. అన్నీ ఒకేసారి చేయించి ఫాల్స్ సీలింగ్ కూడా పెట్టించుకోమని కాంట్రాక్టర్ అంటున్నారు. అత్యవసర నిధి నాలుగు నెలల ఖర్చులకు సరిపోతుంది. అది వాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: లోన్ వద్దండీ. అలాగని అత్యవసర నిధి మొత్తం ఊడ్చేయొద్దు. మీ కాంట్రాక్టర్ ఒకే ప్యాకేజీగా చెప్తున్నదాంట్లో రెండు వేర్వేరు పనులున్నాయి. నీళ్లు దిగడం ఆపడం ఒకటి, ఇల్లు అందంగా కనపడటం ఇంకొకటి. మొదటిది ఆలస్యమైన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. రెండోది ఏడాది ఆగినా పెద్దగా మునిగేదేం లేదు.

ముందు మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ రాయండి. వాన పడ్డాక, పైన బాత్రూమ్ వాడాక చూస్తూ ఉండండి. మరక గీత దాటిందంటే నీళ్లు ఇంకా దిగుతున్నట్టే, అప్పుడు ఎంత మంచి పెయింట్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ మరక తేలుతుంది. పెచ్చులు ఊడుతున్నచోట చుట్టుపక్కల స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపల ప్లాస్టర్ వదిలేసిందని అర్థం, దాని కింద మంచం వేసుకోవద్దు. ఊడినచోట తుప్పు పట్టిన ఇనుప చువ్వ కనిపించిందా, ఇక పెయింటర్‌ని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి. చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీట్‌ని తోసేస్తుంది, పైపైన పూత పూస్తే ఆగదు. ఫాల్స్ సీలింగ్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. లీకేజీ ఆగకుండా దాన్ని పెట్టిస్తే చెమ్మ కంటికి కనపడదు, కనపడేసరికి జిప్సం బోర్డు కిందికి వేలాడుతుంది. ఇప్పటికి ఆ మాట పక్కన పెట్టేయండి.

లీకేజీ ఆపడం, ప్లాస్టర్ సరిచేయడం, ఈ రెండింటికి మాత్రం అత్యవసర నిధిలోంచి తీయండి, అది ఉన్నదే ఇలాంటి వాటికి. కనీసం మూడు నెలల ఖర్చులు మిగిలేలా చూసుకుని, తీసినంత మళ్లీ నింపాకే మిగతా పని మొదలుపెట్టండి. కొత్త ప్లాస్టర్ ఎలాగూ పూర్తిగా ఆరాలి, సిమెంట్ ప్లాస్టర్‌కి దాదాపు 28 రోజులు ఆగమంటారు కాబట్టి తొందరపడి లాభం లేదు.

లోన్ ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. ఏడాదికి 14 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుని నెలనెలా వాయిదాలు కడితే అసలు మీద దాదాపు 23 శాతం వడ్డీ కడతారు, అంటే నాలుగు గదులకు రంగులు వేయిస్తే దాదాపు ఇంకో గది ఖర్చు వడ్డీకే పోతుంది. క్రెడిట్ కార్డ్ అయితే మరీ ఘోరం, నెలకు 3 శాతం అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 దాటుతుంది.

గుమ్మాలు, ఫ్రేములు, స్కర్టింగ్ ఒక్కో గది చొప్పున చేయించుకోండి, నెలనెలా వేరే ఖాతాలో పక్కన పెట్టిన డబ్బుతో. ఇందులో మెటీరియల్ కంటే కూలీయే ఎక్కువ, పాత రంగు గీకడం, సందులు లప్పంతో పూడ్చడం, ఎమెరీ పేపర్‌తో రుద్దడం, ఇవన్నీ చేతి పని. ఓపిక ఉంటే సెలవు రోజుల్లో మీరే చేసుకోవచ్చు, మిగిలేది నిజంగా మిగులుతుంది. ఒక్క జాగ్రత్త, ఇల్లు బాగా పాతదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు, ముందు పరీక్ష చేయించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు అశ్రద్ధ చేయొద్దు.

కొటేషన్ కనీసం ముగ్గురి దగ్గర తీసుకోండి, కూలీ వేరుగా, మెటీరియల్ వేరుగా, ఎన్ని కోటింగులో కూడా రాయించుకుని. పైన 15 శాతం అదనంగా ఉంచుకోండి, గీకితే కానీ లోపల ఏముందో తెలియదు. డబ్బు మాత్రం పని అయినంత మేరకే ఇస్తూ, చివరి 10 శాతం ఒక వాన చూశాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

ఆ కొటేషన్లు వచ్చాక లీకేజీకి ఎంత, చెక్క పనికి ఎంత అని విడిగా రాసి పంపండి, నెలకు ఎంత పక్కన పెడితే సరిపోతుందో కలిసి లెక్క వేద్దాం.