మైక్ మార్చే ముందు కిటికీ సంగతి చూడండి

అన్నా, బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో పాడుతుంటే మీ ఏటీ2020 మైక్‌లో సన్నగా ‘స్స్’ మోత, వెనకాల హారన్లు వస్తున్నాయన్నారు. రోడ్ (Rode) కంపెనీ ఎన్‌టీ1 మైక్ కొంటే రెండూ పోతాయా అని మీ ప్రశ్న. మొదటిది తగ్గుతుంది, రెండోది పోదు.

ఏటీ2020 సొంత శబ్దం, అంటే మైక్ తనంతట తాను చేసే మోత, 20 డెసిబెల్స్, ఎన్‌టీ1ది 5 లోపే. మెల్లగా పాడే గొంతుకు ఈ తేడా బాగా తెలుస్తుంది. కానీ హారన్లు మైక్ తప్పు కాదు. మంచి కండెన్సర్ మైక్ (సన్నని శబ్దాన్నీ పట్టే రకం) అయితే పక్కింటి కుక్కర్ విజిల్‌ని కూడా ఇంకా శుభ్రంగా పట్టుకుంటుంది!

ముందు ఖర్చు లేని పని చేయండి. రెండూ కార్డియాయిడ్ మైకులే, అంటే ముందువైపు శబ్దం ఎక్కువ, వెనకవైపు శబ్దం తక్కువ తీసుకుంటాయి. అందుకని మైక్ వీపు కిటికీ వైపు ఉండాలి, మీరు కిటికీకి ఎదురుగా నిలబడి పాడాలి. మీ వెనక దళసరి బొంత వేలాడదీయండి. మైక్‌కీ నోటికీ మధ్య దూరం 30 సెంటీమీటర్ల నుంచి 15కి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే సెట్టింగ్) అంత తగ్గించుకోవచ్చు. ‘ప’, ‘బ’ పలికేటప్పుడు వచ్చే గాలి దెబ్బను ఆపే తెర, అదే పాప్ ఫిల్టర్, మాత్రం తప్పనిసరి.

నేనైతే ఇవన్నీ మైక్ కొన్న తర్వాత నేర్చుకున్నాను. అప్పటికీ ‘స్స్’ పోకపోతే ఎన్‌టీ1 తీసుకోండి. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే మీ ఇంటర్‌ఫేస్‌లో, మైక్‌కి కేబుల్ ద్వారా కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఎలాగూ ఉంది కదా.