శాలువాల వెనక దాగిన వెబ్‌సైటు

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న సేవాసంస్థ. మిర్చి యార్డు హమాలీల పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా చదువు చెబుతాం. వెబ్‌సైటు పెట్టి రెండేళ్లయినా దాని ద్వారా ఒక్క విరాళం రాలేదు. డిజైన్ మొత్తం మార్చాలంటే 40 వేలు అవుతుందంటున్నారు. చేయించమంటారా? మా కరపత్రం కూడా పంపుతున్నాను.
- ఒక కార్యదర్శి, బ్రాడీపేట

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీ సైటుని బెజవాడ బస్టాండులో కూర్చుని ఫోన్లో చూశాను. తెరవగానే అధ్యక్షులవారి సన్మానాలు. శాలువా, పూలదండ, మళ్లీ శాలువా. పిల్లలకు చదువు చెబుతారన్న సంగతి నాలుగుసార్లు తెర జరిపితే గానీ కనబడలేదు. ఈలోపు నా బస్సు వచ్చేసింది.

అసలు చిక్కు అక్షరాలది. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన కరపత్రం మేటరే సైటులో అతికించినట్టున్నారు. అది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని ఫోన్లో తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ వస్తాయి. మీ 'మా సేవలు' పేజీ నాకు అలాగే కనిపించింది. ఇంకో పేజీలో మేటరంతా బొమ్మగా పెట్టారు, ఫోన్లో చీమ తలకాయంత ఉంది. అంతా యూనికోడ్‌లోకి మార్పించండి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు అక్కడక్కడ ఎగిరిపోతాయి, ప్రూఫు చూడక తప్పదు. మేటర్‌కి మండలి, శీర్షికలకు రామభద్ర ఫాంట్లు వాడండి, రెండూ ఉచితమే. (ఆ ఫాంటుకి పేరిచ్చిన మండలి ఎవరో కాదు, 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారే.) వరుసల మధ్య ఇంగ్లిషుకి చాలినంత ఖాళీ తెలుగుకి చాలదు, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తంతాయి. ఒక వరుస నుంచి ఇంకో వరుసకి దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లయినా ఉంచండి.

విరాళం పేజీలో క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉంది. ఫోన్లో చూసేవాడు ఆ ఫోన్‌ని దేనితో స్కాన్ చేయాలి? యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో కూడా ఇవ్వండి. 80జి (విరాళమిచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే గుర్తింపు) ఉంటే ఆ నంబరు పక్కనే వేయండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదన్న ముక్క కూడా రాస్తే మంచిది.

మీ కరపత్రం చూస్తే నా పాత తప్పు గుర్తొచ్చింది. గవర్నరుపేటలో డీటీపీ చేసే రోజుల్లో ఒక రక్తదాన శిబిరం కరపత్రంలో తేదీని ముదురు ఆకుపచ్చ మీద నీలం అక్షరాలతో వేశాను. స్క్రీన్ మీద మెరిసింది, ప్రింటులో మాయమైంది. శిబిరం అయిపోయిన మర్నాడు ఇద్దరు రక్తం ఇవ్వడానికి వచ్చారట! అప్పట్నుంచి ఏది చేసినా ముందు నలుపు తెలుపులో జెరాక్స్ తీసి చూస్తాను. అందులో చదవగలిగితేనే ప్రెస్సుకి. మీదీ తీసి చూడండి, ఫోన్ నంబరు కనబడదు.

ఇవన్నీ అయ్యాక 40 వేల సంగతి ఆలోచిద్దాం. ఫొటోలు తీసేస్తే అధ్యక్షులవారు నొచ్చుకుంటారేమోనని మీకు టెన్షన్ ఉంటుంది. 'మా గురించి' పేజీలో ఒకటి ఉంచండి, మిగతావి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.