గుడ్లు పిల్లలయ్యే దాకా పునాది ఆపమ్మా

నల్లకుంట, హైదరాబాద్

చి. సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

అమీన్‌పూర్‌లో మీరు కొన్న స్థలంలో, కంకర పరచిన మూలన ఏదో పిట్ట నాలుగు గుడ్లు పెట్టిందనీ, దగ్గరికి వెళ్తే అరుస్తూ మీద మీదకు వస్తున్నదనీ, అది అపశకునమని మేస్త్రీ సణుగుతున్నాడనీ రాశావు. నువ్వు పంపిన ఫొటోలో కంటి ముందు ఎర్రటి తోలు మడత, కొస నల్లబడిన ఎర్రటి ముక్కు, పసుపుపచ్చని పొడుగాటి కాళ్ళు, నల్లని రొమ్ము స్పష్టంగా కనబడుతున్నాయి కనుక అది తీతువే. ఆ తోలు మడత పసుపుపచ్చగా ఉంటే, మెట్ట నేలల్లో తిరిగే దాని దాయాది అనుకునేవాణ్ణి.

శకునం సంగతికి వస్తే, తీతువు రాత్రిపూట కూడా, వెన్నెల ఉంటే మరీ, మెలకువగా మేస్తుంది. కుక్క కదిలినా కూస్తుంది. అర్ధరాత్రి ఆ కూత విని మనవాళ్ళు చావు కబురనుకున్నారు. మేస్త్రీతో వాదించకు. అటువంటి పిట్ట గుడ్ల మీద గునపం దించితే ఇంటికి మంచిదా అని ఆయన నమ్మకాన్నే ఆయనకు అప్పజెప్పు.

ఇక గూడు విషయం. నేలను కాస్త గీరి, చుట్టూ గులకరాళ్ళో మేక పెంటికలో పేర్చుకుంటుందే తప్ప, పుల్ల ఒక్కటి అడ్డం పెట్టదు. మట్టిరంగు మీద నల్ల మచ్చలున్న గుడ్లు, సన్నని కొసలు లోపలికి తిప్పి ఉంటాయి. చూపు తిప్పితే మళ్ళీ వెతుక్కోవాల్సిందే. ఆడా మగా వంతులు వేసుకుని సుమారు నాలుగు వారాలు కాస్తాయి. ఈ ఎండల్లో వాటికి పొదగడం కన్నా గుడ్లను చల్లగా ఉంచడమే పెద్ద పని. అందుకే వాటి మీద నీడగా నిలబడతాయి, చెరువుకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి కూర్చుంటాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు పక్కనే ఉంది కనుక నీళ్ళ పళ్ళెం పెట్టకు, దానికోసం కుక్కలు చేరతాయి. మధ్యాహ్నం నువ్వు గూటి దగ్గర పది నిమిషాలు నిలబడితే, ఆ పది నిమిషాలూ గుడ్లు ఎండలో ఉడుకుతాయి. చూడాలనుకుంటే పొద్దున్నే ప్రహరీ అవతల నుంచి చూడు.

చాలా ఏళ్ళ క్రితం హిమాయత్‌సాగర్ దగ్గర ఇటువంటి గూటికే జాలిపడి తాటాకు ఒకటి నీడగా నిలబెట్టాను. తీతువులు సాయంత్రం దాకా దూరంగానే తిరిగాయి. మర్నాడు ఆ తాటాకే కాకులకు గుర్తయింది; పెంకులు మాత్రం మిగిలాయి. కాబట్టి గుడ్లను జరపవద్దు, కప్పవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా గుడ్లను కదిలించడాన్ని వేట కిందనే లెక్కగడుతుంది. ఇరవై అడుగుల ఆవల నాలుగు కర్రలు పాతి పురికొస కట్టిస్తే, ఇసుక లారీ అటు రాదు.

పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే గూడు వదిలి నడుస్తాయి. తల్లి కూత వినగానే పరుగెత్తవు, ఉన్నచోటనే నేలకు అతుక్కుపోతాయి. పెద్ద పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నిన్ను ఒక పక్కకు లాగితే, పిల్లలు మరో పక్కన ఉన్నట్టే. గూడు ఖాళీ అయిందని వెంటనే జేసీబీని దింపకు. రెండు మూడు రోజులు ఆగి, తీతువులు అరవడం మానాక మేస్త్రీ చేత స్థలమంతా నడిపించి, ఆ తరువాతే ముగ్గు పోయించు.

ఇట్లు,
పెదనాన్న