మైక్రోస్కోపు పరీక్ష కోసం వజ్రపు పేస్టుతో పాలిష్ చేసి అద్దంలా మెరిసిన లోహపు నమూనాను మళ్లీ కొల్లాయిడల్ సిలికాతో ఎందుకు పాలిష్ చేస్తారు?

వజ్రపు రేణువులు లోహం మీద వదిలిన, కంటికి కనిపించని దెబ్బతిన్న పొరను తొలగించడానికే. చెన్నై ఐఐటీ వంటి చోట్ల మెటీరియల్స్ ల్యాబులో చేరిన మన విద్యార్థుల్లో చాలామందికి వచ్చే సందేహమిది.

1 మైక్రాన్ వజ్రం లోహాన్ని గీకుతూనే, దాని కింద ఉన్న స్ఫటిక అమరికను నలిపేస్తుంది. కొల్లాయిడల్ సిలికా పని తీరే వేరు. క్షార ద్రవంలో తేలియాడే ఈ గుండ్రని రేణువులు సాధారణంగా 40–60 నానోమీటర్లు ఉంటాయి. ద్రవం ఉపరితలంతో రసాయనికంగా చర్య జరుపుతుంది. అలా ఏర్పడిన బలహీనమైన పొరను రేణువులు నెమ్మదిగా తుడిచేస్తాయి. కొత్త నలుగుడు దాదాపు ఉండదు.

టైటానియాన్నే తీసుకోండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్ఫటిక అమరికను చూసే ఎలక్ట్రాన్ బ్యాక్‌స్కాటర్ పరీక్షలో సంకేతం పైనున్న కొన్ని పదుల నానోమీటర్ల నుంచే వస్తుంది. వజ్రంతో ఆపేస్తే తెరపై ఆ అమరికను చూపే పట్టీలు మసకగా కనిపిస్తాయి, సిలికా తర్వాత తేటపడతాయి.

మెరిస్తే నమూనా సిద్ధమైనట్టేనని చాలామంది పొరబడతారు. మెరుపు నునుపును చెబుతుంది తప్ప, లోపలి నలుగుడును చెప్పదు. ఇంకొకటి, సిలికాను తర్వాత కడగవచ్చులే అనుకోకండి: ఆరితే గట్టి పొరగా అంటుకుంటుంది, నీటిలో తిరిగి కరగదు. నమూనానూ పాలిషింగ్ బట్టనూ తడిగా ఉండగానే కడగాలి.