ఆల్టర్నేటర్ విప్పే ముందు: జడ్చర్లలో షాపు పెట్టిన అల్లుడికి

చి. అల్లుడికి,

నల్లగొండ నుంచి మామ దీవించి రాస్తున్నది. జడ్చర్లలో హైవే పక్కన షాపు తెరిచావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. వైరింగ్ పనిలో నీ చెయ్యి శుభ్రంగా ఉంటుందని నాకు తెలుసు. ఛార్జింగ్ కంప్లయింట్ ఉన్న బండి వస్తే మాత్రం నీకు టెన్షన్ అట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఒక్కటి మనసులో పెట్టుకో. మల్టీమీటర్ పెట్టి చూడకుండా బ్యాటరీ గానీ, ఇంజన్ తిరుగుతుంటే కరెంటు చేసి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ గానీ అమ్మకు. మన దగ్గరికి వచ్చేది కిస్తీలు కట్టుకుంటూ టాక్సీ నడుపుకునేవాళ్లు, బొలెరోలో కూరగాయలు మార్కెట్‌కి వేసుకొచ్చే రైతులు. అవసరం లేని ఆల్టర్నేటర్ వేశావంటే వాళ్ల చేతిలో ఉన్న కిస్తీ డబ్బు నువ్వు తీసుకున్నట్టే. అసలు తప్పు అలాగే ఉంటుంది కాబట్టి వారం తిరక్కముందే ఆ బండి మళ్లీ నీ షాపు ముందుకే వస్తుంది.

వచ్చినవాళ్లు "బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యన్నా" అంటారు. ఏం జరిగిందో వాళ్లను అడుగు, ఏం పోయిందో నువ్వు తేల్చు. రాత్రి బాగానే పెట్టి పొద్దున సెల్ఫ్ కొడితే తిరగలేదంటే అది ఒక దారి. బ్యాటరీ బలహీనపడి ఉండొచ్చు, లేదా రాత్రంతా ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉండొచ్చు. నడుస్తుండగానే లైట్లు మసకబారి, బ్లోవర్ మెల్లబడి, చివరికి ఇంజనే ఆగిపోయిందంటే అది ఇంకో దారి. అక్కడ ఛార్జింగ్ రావడం లేదు. ఈ మధ్య మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్, డాష్‌క్యామ్, అదనపు లైట్లు ఏమైనా పెట్టించారా అని కూడా అడుగు. ఈ ఒక్క ప్రశ్న చాలాసార్లు గంట పని తగ్గిస్తుంది.

తర్వాత బ్యాటరీ. మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి ప్రోబ్‌లు సీసం పోస్టుల మీదే ఆనించు, పైన బిగించిన క్లాంప్ మీద కాదు. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 ఉంటే బ్యాటరీ నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే దాదాపు సగం, 12 దగ్గరుంటే అడుగంటింది. అప్పుడే నడిచి వచ్చిన బండిలో 12.8, 12.9 కూడా చూపిస్తుంది, అది పైపై ఛార్జి. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, కాసేపు ఆగి మళ్లీ చూడు. సగానికి పడిపోయిన బ్యాటరీ పెట్టుకుని ఆల్టర్నేటర్‌ని పరీక్షించకు. ఉన్న కరెంటంతా బ్యాటరీయే మింగుతుంది, వోల్టేజీ పైకి లేవదు, బాగున్న ఆల్టర్నేటర్ కూడా పోయినట్టే కనిపిస్తుంది. ముందు ఛార్జర్ మీద నింపు, ఆ తర్వాతే మిగతా పని. కస్టమర్ తొందరపెట్టినా సరే.

ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, నువ్వు మీటర్ చూడు. నిండా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 దగ్గర నిలబడాలి. 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీకి శక్తి లేదు, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ లాగుతోంది. సెల్ఫ్ కొట్టినా మీటర్ 12 దగ్గరే కదలకుండా ఉంటే బ్యాటరీని నిందించకు, కరెంటు సెల్ఫ్‌కి చేరనే లేదు.

ఇంజన్ స్టార్టయ్యాక రేస్ నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల మధ్య పట్టుకుని బ్యాటరీ మీద చూడు. 13.8 నుంచి 14.7 లోపు ఉండాలి. ఇప్పుడు హైబీమ్ వెయ్యి, బ్లోవర్ ఫుల్ పెట్టు, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ వెయ్యి. అంత లోడ్ మీద కూడా 13.5 దగ్గర నిలబడితే ఆల్టర్నేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. లోడ్ వెయ్యగానే 12.6, 12.4 అని దిగిపోతూ ఉంటే చాలినంత కరెంటు రావడం లేదు. 15 దాటిందంటే వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, దాన్ని వాయిదా వెయ్యకు. బ్యాటరీ ఉడుకుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, డొక్కలు ఉబ్బుతాయి, బల్బులు ఊరికే కాలిపోతుంటాయి. అప్పుడు బయటికొచ్చే హైడ్రోజన్‌కి చిన్న నిప్పురవ్వ చాలు. అలాంటి బండి దగ్గర బీడీ కాల్చనివ్వకు.

ఒక సంగతి మన ఎండల గురించి. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. వేడెక్కిన కొద్దీ రెగ్యులేటర్ వోల్టేజీ తగ్గించేలా చేస్తారు, బ్యాటరీ ఉడకకుండా. మధ్యాహ్నం దూరం నుంచి వచ్చిన బండిలో 13.6 కనిపిస్తే అది తప్పు కాదు.

ఇక చాలామంది మెకానిక్‌లు చెయ్యని పని చెబుతా, ఇది మాత్రం బాగా పట్టుకో. ఆల్టర్నేటర్ కరెంటు చేస్తున్నా బ్యాటరీకి చేరకపోవచ్చు. బోరు నిండుగా పోస్తున్నా పైపులో మట్టి పేరుకుంటే చివరి మడికి నీళ్లు అందవు చూడు, అలాగే. దీన్ని పట్టుకోవడానికి ఓమ్స్ మీద వైరు కొలిస్తే లాభం లేదు. ఒక్క పోగు మిగిలినా మీటర్ సున్నా చూపించి మనల్ని మోసం చేస్తుంది. కరెంటు పారుతుండగానే కొలవాలి. ఇంజన్ రేస్‌లో ఉంచి, లైట్లు, బ్లోవర్ వేసి, ఎర్ర ప్రోబ్ ఆల్టర్నేటర్ వెనక కరెంటు బయటికొచ్చే బీ ప్లస్ బోల్టు మీద, నల్ల ప్రోబ్ బ్యాటరీ ప్లస్ పోస్టు మీద పెట్టు. రెండూ ప్లస్సే, భయపడకు. మీటర్ 0.2, మహా అయితే 0.3 చూపించాలి. అర వోల్టో, ఒక వోల్టో వచ్చిందంటే ఆ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. బోల్టు వదులై ఉంటుంది, వైరు కొసన ఉండే లగ్గు లోపల పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, లేదా మెయిన్ ఫ్యూజు బాక్సులో బోల్టు కాలి ఉంటుంది. ప్రోబ్‌ని ఒక్కో జాయింటుకి జరుపుకుంటూ పో, ఎక్కడ వోల్టేజీ ఒక్కసారిగా మారుతుందో అక్కడే తప్పు.

ఎర్త్ వైపు కూడా ఇలాగే. ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ ఒంటి మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద. 0.2 దాటకూడదు. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. గేర్‌బాక్స్ విప్పి బిగించినప్పుడు ఒక్కోసారి అది వేలాడుతూనే ఉండిపోతుంది, లేదంటే పెయింటు మీదే బిగిస్తారు. ఎమెరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన కొంచెం వ్యాసలిన్ రాస్తే పోయే తప్పుకి ఆల్టర్నేటర్ మారిస్తే ఎంత అన్యాయం చెప్పు! వాడపల్లి, మట్టంపల్లి సిమెంట్ ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లలో ఈ జాయింట్ల మీద దుమ్ము గట్టిపడి ఉంటుంది. ఆల్టర్నేటర్ గాలి రంధ్రాలు కూడా మూసుకుపోయి, లోపల ఏసీ కరెంటుని డీసీగా మార్చే డయోడ్ల ప్లేటు వేడికి పోతుంది. గాలి కొట్టి శుభ్రం చెయ్యి. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్లకు మాత్రం ప్రెషర్ గన్ దాని మీదికి తిప్పొద్దని చెప్పు.

మీటర్‌లో ఛార్జింగ్ అసలే రాకపోతే, విప్పే ముందు డాష్ మీద ఎర్ర బ్యాటరీ లైటు చూడు. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్టవ్వగానే ఆరాలి. పాత బండ్లలో ఆ బల్బు గుండానే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందుతుంది. తాళం తిప్పినా లైటు వెలగలేదంటే బల్బు, సన్న వైరు, ప్లగ్గు, లోపల తిరిగే రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు చూడాలి. తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ కొనను పుల్లీ నట్టు దగ్గరికి తీసుకెళ్లు. అయస్కాంతంలా లాగితే లోపలి రోటర్‌కి కరెంటు అందుతోంది. లాగకపోతే ఎక్కువసార్లు అరిగిన కార్బన్లే, అవి మారిస్తే సరిపోతుంది. ఇంజన్ స్టార్టయ్యాకే రోటర్‌కి కరెంటు ఇచ్చే కొత్త బండ్లలో ఈ పరీక్ష పనిచెయ్యదు.

బెల్టు సంగతి నీకు తెలిసిందే. పొద్దున్నే కీచుమంటే, అంచులు మెరుస్తుంటే మార్చు. డీజిల్ కార్లలో పుల్లీ ఒకవైపే పట్టుకుని రెండోవైపు వదిలేసే రకం ఉంటుంది. అది రెండు వైపులా వదిలేస్తే బెల్టు తిరుగుతుంది, రోటర్ తిరగదు. దాన్ని చూడక మంచి ఆల్టర్నేటర్లను తుక్కులో వేస్తున్నారు.

డయోడ్ల కోసం మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడు. అర వోల్టు దాటితే డయోడ్ పోయింది. రేడియోలో రేస్‌తో పాటు పెరిగే సన్నటి కూత కూడా దీని గుర్తే. షార్టయిన డయోడ్ రాత్రిపూట బ్యాటరీని వెనక్కి లాగేస్తుంది కూడా.

రాత్రి ఎవరు తింటున్నారో తేల్చాలంటే మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌కి మార్చి, బ్యాటరీ మైనస్ తీసి, పోస్టుకీ వైరుకీ మధ్య పెట్టు. తలుపులు మూసి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగు. లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. మీటర్ అలా ఉండగా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. అర ఆంపియర్ లాగుతోందనుకో, రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతుంది. 45 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి వస్తుంది. పెళ్లికి ఊరెళ్లి వచ్చేసరికి బండి చచ్చిపోయి ఉండటం ఇలాగే. ఎక్కువసార్లు దొంగ ఎవరంటే, తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన మ్యూజిక్ సిస్టమో, కెమెరానో.

కొత్త బండ్ల విషయంలో జాగ్రత్త. వీటిలో ఇంజన్ కంప్యూటరే ఆల్టర్నేటర్‌ని ఎప్పుడు పనిచేయించాలో నిర్ణయిస్తుంది. బ్యాటరీ నిండా ఉండి బండి వేగం అందుకుంటుంటే 12.8కి దింపేస్తుంది, బ్రేకు తొక్కితే 14.8కి ఎక్కిస్తుంది. ఒక్క రీడింగ్ చూసి పోయిందనకు. లైట్లన్నీ వేసి, కాసేపు నడిపి, బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి చూడు. మైనస్ టర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉన్న బండికి జంపర్ పెట్టేటప్పుడు నల్ల క్లిప్పు ఆ టర్మినల్‌కి కాకుండా ఇంజన్ ఇనుముకి పెట్టు. ఆగినప్పుడల్లా ఇంజన్ తనంతట తాను ఆపుకునే బండికి మామూలు బ్యాటరీ వెయ్యకు, మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ, కంపెనీ ఏది వేసి ఇచ్చిందో అదే వెయ్యి.

పాతకాలం వాళ్లు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి, "ఆగలేదు, డైనమో బాగుంది" అనేవాళ్లు. నువ్వు ఎప్పుడూ ఆ పని చెయ్యకు, నీ షాపులో ఎవరినీ చెయ్యనివ్వకు. బ్యాటరీ ఊడిన క్షణం వోల్టేజీ పదుల్లోకి ఎగిరి డయోడ్లను, కంప్యూటర్‌ని కాల్చేస్తుంది. ఆల్టర్నేటర్ విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తియ్యి. బీ ప్లస్ వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలిందంటే నిప్పులు కురుస్తాయి.

బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యి. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఎంతున్నాయో నీకు చెప్పక్కర్లేదు. మనుషుల ఎముకలనే వంచిన నీళ్లవి, ప్లేట్లను వదులుతాయా? ఇంటికొచ్చే ఆర్వో క్యాన్ నీళ్లు కూడా వద్దు.

నీకు శ్రీశైలం వెళ్లే బండ్ల వాళ్లు ఫోన్ చేస్తుంటారు. మన్ననూర్ దాటాక దోమలపెంట దాకా అడవే, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గరే ఎర్ర లైటు వెలిగిందని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు బెల్టు ఉందా అని చూడమను. బెల్టు తెగి, అదే వాటర్ పంపుని తిప్పేది అయితే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దని చెప్పు, ఇంజన్ పోతుంది. బెల్టు ఉంటే ఏసీ, బ్లోవర్, మ్యూజిక్ ఆపి, ఇంజన్ ఆపకుండా అడవిలోకి కాక వెనక్కి అచ్చంపేట వైపు రమ్మను. మంచి బ్యాటరీ అయితే పగటిపూట గంటో, ఆపైన ఇంకొంచెమో లాగుతుంది. రాత్రి హెడ్‌లైట్లతో అంత రాదు.

పని అయ్యాక బిల్లు వెనక నాలుగు రీడింగులు రాసి ఇవ్వు: నిలిపి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత, ఛార్జింగ్ ఎంత, లోడ్ మీద ఎంత. తీసిన పార్టు వాళ్ల చేతికే ఇవ్వు. ఆరు నెలల తర్వాత అదే బండి వస్తే ఆ కాగితం చూసి సగం పని నీకు ముందే అయిపోతుంది. నా దగ్గర డీసీ ఆంపియర్లు చూసే క్లాంప్ మీటర్ ఒకటి ఎక్కువ ఉంది, దసరాకి అక్క వచ్చినప్పుడు పంపిస్తా.

ఇట్లు,
మీ మామ