లెక్కలు రావా, ఇంకా రాలేదా?

ప్రశ్న: మాది గాజువాక. ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 962 మార్కులు వచ్చాయి. అప్పట్లో రోజూ పరీక్షలు పెట్టి చదివించేవారు. ఇప్పుడు మధురవాడ వైపు ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. గణితం, డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చే పద్ధతులు) రెండూ తప్పాను. కళాశాలలో ‘గ్రోత్ మైండ్‌సెట్’, అంటే తెలివి సాధనతో పెరుగుతుందనే నమ్మకం, మీద సదస్సు పెట్టారు. ‘నేను చేయగలను’ అని రోజూ అనుకుంటున్నా ఏమీ మారలేదు. నాకు లెక్కలు రావు, కోడింగ్ రాదు అని ఒప్పేసుకోవాలా?

జవాబు: తెలుగులో ‘రావు’ అంటే నిన్నా రాలేదు, రేపూ రావు అని తేల్చేయడం. ‘ఇంకా రాలేదు’ అంటే సంగతి వేరు. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ గ్రోత్ మైండ్‌సెట్ గురించి చెప్పినదాంట్లో ముఖ్యమైన భాగం ఈ రెండు మాటల మధ్య తేడాలోనే ఉంది. తెలివి పుట్టుకతో కొలిచి పోసిన సరుకు అనుకునేవారు తప్పు జరగగానే చేతులెత్తేస్తారు. పెరిగేదనుకునేవారు ఆ తప్పును తిరగేసి చూస్తారు. ఆమె మరో హెచ్చరిక కూడా చేశారు, సదస్సుల్లో అది తరచూ జారిపోతుంది: ఊరికే కష్టపడితే చాలదు, పనిచేయని పద్ధతిని మార్చాలి, సాయం అడగాలి. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకు తెలివి పెరుగుతుందని గంటలోపు ఆన్‌లైన్ పాఠం చెప్పి చూశారు. మార్కుల్లో వెనకబడినవారి గ్రేడు సగటు 0.1 పాయింటు పెరిగింది. అంత చిన్న పాఠానికి అది మంచి ఫలితమే, మంత్రం మాత్రం కాదు.

ఇక మీ 962. అది మీ బుర్ర గొప్పతనమని అప్పుడు అనుకున్నారు, ఇప్పుడు అదే బుర్ర మొద్దుబారిందంటున్నారు. నాకైతే రెండూ నిజమనిపించడం లేదు. మీ ప్రశ్నలో మీరే చెప్పారు, రోజూ పరీక్షలుండేవని. ఇంజినీరింగ్‌లో అవి పోయాయి. మిడ్ పరీక్షల ముందు రాత్రి నోట్సు తిరగేయడం మిగిలింది. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో చూపించింది ఇదే. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక మాత్రం, చదివింది చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారే వారిని దాటేశారు. మార్కుల కోసం పిల్లల్ని తోమే ఇంటర్ చదువుల మీద నాకు సదభిప్రాయం లేదు. అయినా ఈ ఒక్క మేలు అవి మీకు చేశాయి.

కాబట్టి ఆ పరీక్షలను మీరే పెట్టుకోండి. లింక్‌డ్ లిస్ట్ (ఒక్కో పెట్టె తన తర్వాతి పెట్టెను చూపే గొలుసు) పాఠం విన్న రోజు సాయంత్రం పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద పెట్టెలు, బాణాలు గీయండి. మధ్యలో ఒక నోడ్ (పెట్టె) తీసేస్తే ఏ బాణం ఎటు మారుతుందో చూసుకున్నాకే కోడ్ రాయండి. తప్పు వస్తుంది. కంప్యూటర్ చూపే ఎర్రర్‌ను పూర్తిగా చదివి, ఇరవై నిమిషాలు పెనుగులాడాకే మిత్రుడిని అడగండి. మూడు రోజుల తర్వాత అదే ప్రోగ్రామును చూడకుండా మళ్లీ రాయండి. గాజువాక నుంచి బస్సులో వస్తూ ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటీఎల్ వీడియోలు చూస్తే చూడండి, ఉచితమే, మంచివే. కానీ ఆ సమయాన్ని చదువు లెక్కలో వేయకండి. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది.

ప్రాంగణ నియామకాల్లో చాలా కంపెనీలు పెండింగ్ బ్యాక్‌లాగ్‌లు (తప్పి, ఇంకా పాసవ్వని సబ్జెక్టులు) ఉన్నవారిని రానివ్వవు. అందుకని ఈ రెండూ మూడో సంవత్సరం ముగిసేలోగా పూర్తవ్వాలి. సప్లిమెంటరీ కోసం మొదట గణితాన్నే పట్టుకోండి. ఇలా ఒక సెమిస్టరంతా నిజాయతీగా చేశాక కూడా కోడింగ్ మీద మనసు పోకపోతే అప్పుడు వేరే దారులు మాట్లాడుకుందాం. ఆ నిర్ణయం ఇప్పుడే, తప్పిన బాధలో తీసుకోవద్దు.

ఈ ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో ఇంట్లోనో, ఫోను పక్కన పడేసి, పాత గణిత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. సోమవారం ఆ కాగితాలతో మీ అధ్యాపకుడి దగ్గరకు వెళ్లండి. ‘అర్థం కావడం లేదు సార్’ అంటే ఆయనా ఏం చెప్పలేరు. ‘ఈ లెక్కలో మూడో మెట్టు దగ్గర ఆగిపోయాను సార్’ అనండి.