లోడర్ లివర్ న్యూట్రల్‌కి రాకపోతే

అన్నా, బకెట్ ఎత్తాక లివర్ వదిలినా న్యూట్రల్‌కి (మధ్యకి) రావట్లేదు, మెకానిక్ ఏమో బకెట్‌ని ఆడించే హైడ్రాలిక్ ఆయిల్ వాల్వే మార్చేయమంటున్నాడు అన్నారు కదా. అప్పుడే డబ్బు పెట్టకండి.

ముందు బకెట్ నేలకి దించి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదలండి. తర్వాత లివర్‌ని స్పూల్‌కి (వాల్వ్ లోపల జారే కడ్డీ) కలిపే పిన్ తీసి, స్పూల్‌ని విడిగా కదపండి. తేలిగ్గా ఆడి మధ్యకి వచ్చేస్తే తప్పు లింకేజీదే, అంటే లివర్‌ని స్పూల్‌కి కలిపే భాగాలదే. తుప్పు వదిలించి గ్రీజు పెట్టండి, చాలు.

స్పూలే పట్టేస్తుంటే వాల్వ్‌ని బ్రాకెట్‌కి బిగించిన బోల్టులు కాస్త వదులు చేసి చూడండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్రాకెట్ సమంగా లేకపోతే బోల్టులు బిగించేకొద్దీ వాల్వ్ బాడీ వెంట్రుకవాసి మెలితిరిగి స్పూల్‌ని నొక్కేస్తుంది. వదులు చేయగానే ఆడిందంటే, సందున్న చోట సన్నటి వాషర్ వేసి అన్నీ సమంగా బిగించండి.

అప్పటికీ మొరాయిస్తే వాల్వ్ చివరి క్యాప్ విప్పి, స్పూల్‌ని మధ్యకి తెచ్చే సెంటరింగ్ స్ప్రింగ్ విరిగిందేమో చూడండి. స్పూల్‌కి ఎమరీ పేపర్ మాత్రం తగిలించొద్దు. అక్కడి సందు మైక్రాన్లలో ఉంటుంది, రుద్దితే ఆయిల్ లోపలే జారి ఎత్తిన బకెట్ దానంతటదే దిగుతుంది. ఆయిల్ తెల్లబారితే నీళ్లు చేరినట్టే, ఫిల్టర్‌తో సహా మార్చేయండి.

అన్నట్టు, ఫ్లోట్‌లో (బకెట్ నేల ఎత్తుపల్లాలని బట్టి దానంతటదే ఆడేలా వదిలే స్థానం) లివర్ నిలబడిపోవడం లోపం కాదు, అది అలాగే ఉండాలి.